గ్రూమర్ చేతికి ఇచ్చే ముందు: హైదరాబాద్‌లో కుక్కకూ పిల్లికీ భద్రమైన గ్రూమింగ్‌ను ఎంచుకునే విధానం

నాలుగేళ్ల కిందట, మే నెలలో ఒక మధ్యాహ్నం, మా షిట్జూ జాతి కుక్కను స్నానానికీ కత్తిరింపుకీ ఒక గ్రూమింగ్ దుకాణంలో వదిలి, మూడు గంటల తరువాత తీసుకురావడానికి వెళ్లాను. జుట్టు పట్టుకుచ్చులా మెరుస్తోంది, మెడలో కొత్త రిబ్బను ఉంది, కానీ కుక్క నిలబడలేకపోతోంది. నాలుక పూర్తిగా బయటికి వేలాడుతోంది, చిగుళ్లు ముదురు ఎరుపుకు తిరిగాయి, ఎగశ్వాస ఎంతకీ తగ్గడం లేదు. వేడి గాలి వచ్చే మూసిన పెట్టెలో దానిని ఆరబెట్టారనీ, ఆ సమయంలో పక్కన మనిషి లేడనీ తరువాత తెలిసింది. పశువైద్యుడి బల్ల మీదికి చేర్చేసరికి ఒంటి వేడి 105 డిగ్రీల ఫారెన్‌హీట్ దాటి ఉంది. అది బతికింది. ఆ దుకాణాన్ని నేను ఎంచుకోవడానికి ఉన్న కారణాలు రెండే: ఇంటికి దగ్గరగా ఉండడం, చూడడానికి శుభ్రంగా కనిపించడం.

మన దేశంలో గ్రూమర్ వృత్తి చేయడానికి ప్రత్యేకమైన ప్రభుత్వ లైసెన్సు గానీ, తప్పనిసరిగా గట్టెక్కవలసిన పరీక్ష గానీ లేవు. మున్సిపల్ ట్రేడ్ లైసెన్సు వ్యాపారం నడపడానికి ఇచ్చే అనుమతి మాత్రమే, అది చేతి నేర్పుకు హామీ కాదు. 2018లో వచ్చిన పెట్ షాప్ నిబంధనలు జంతువుల అమ్మకానికి సంబంధించినవి. కాబట్టి పరీక్షించుకునే బాధ్యత మొత్తం మన మీదే పడుతుంది. ఆ పరీక్షలో నేను నేర్చుకున్న ముఖ్యమైన సంగతి ఒకటి ఉంది. గ్రూమర్ ఏమేం చేసి పెడతానంటారో దానికన్నా, ముందుగా మనల్ని ఏమడుగుతారో, ఏ పనిని చేయనని చెబుతారో అన్నదే ఎక్కువ విషయం చెబుతుంది.

మొదటి అడుగు: మీ జంతువుకు కావలసినదేమిటో ముందు మీరు తెలుసుకోండి

షిట్జూ, పూడిల్, లాసా వంటి వాటికి జుట్టు ఆగకుండా పెరుగుతుంది కనుక నాలుగు నుంచి ఎనిమిది వారాలకు ఒకసారి కత్తిరింపు అవసరమవుతుంది. లాబ్రడార్‌కు కత్తిరింపుతో పని లేదు, దువ్వడమూ అప్పుడప్పుడూ స్నానమూ చాలు. గోల్డెన్ రిట్రీవర్, జర్మన్ షెపర్డ్, హస్కీ, పొమెరేనియన్, మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే స్పిట్జ్, వీటికి పైన గరుకు వెంట్రుకలూ అడుగున మెత్తని ఊలూ ఉండే రెండు పొరల బొచ్చు ఉంటుంది. ఎండాకాలం రాగానే ఈ కుక్కలకు గుండు చేయిస్తే చల్లగా ఉంటుందన్న నమ్మకం మన నగరంలో బలంగా ఉంది. నిజానికి ఆ బొచ్చు ఎండను నేరుగా చర్మానికి తగలనీయదు. మొదలంటా తీసేస్తే చర్మం కమిలే ప్రమాదం ఉంది. పైగా కొన్నింటికి, ముఖ్యంగా పొమెరేనియన్, హస్కీ జాతులకు, నెలల తరబడి తిరిగి సరిగా మొలవకపోవచ్చు. అడుగున రాలిన ఊలును దువ్వి తీసేయడమే వాటికి కావలసిన వేసవి సేవ. మీరు స్పిట్జ్‌కు గుండు చేయమని అడిగినప్పుడు, మరుక్షణం జుట్టు కత్తిరించే మిషన్ అందుకునే వ్యక్తి కన్నా, ఎందుకు వద్దో కూర్చోబెట్టి చెప్పే వ్యక్తి మీకు కావాలి.

జంతువు వయసు, గుండె జబ్బు, మూర్ఛలు, కీళ్ల నొప్పి, గతంలో కరిచిన సందర్భాలు, ఎక్కడ ముట్టుకుంటే భయపడుతుందో, ఇవన్నీ ఒక కాగితం మీద రాసుకోండి. కరుస్తుందన్న విషయాన్ని మొహమాటంతో దాచవద్దు. ఆ దాపరికం వల్ల ఒక కార్మికుడి చేయి గాయపడుతుంది, ఆ కంగారులో మీ కుక్కను మొరటుగా పట్టుకుంటారు.

రెండవ అడుగు: టీకాలూ సమయమూ

టీకాల వరుస పూర్తికాని కుక్కపిల్లను పది కుక్కలు వచ్చిపోయే చోటికి తీసుకెళ్లకూడదు. కుక్కపిల్లలకు ప్రాణాంతకమైన వాంతులూ విరేచనాలూ తెచ్చే పార్వో వైరస్ నేల మీద నెలల పాటు నిలిచి ఉండగలదు, మామూలు ఫినాయిల్ తుడుపుకు చావదు. కుక్కపిల్లకు ప్రాథమిక టీకాలు సాధారణంగా 16 వారాల వయసుకు పూర్తవుతాయి. ఆ తరువాత ఒకటి రెండు వారాలు ఆగి మొదటిసారి తీసుకెళ్లడం మంచిది. పిడుదుల నివారణకు మెడ వెనక చుక్కల మందు వేసే అలవాటు ఉంటే, వేయడానికి రెండు రోజుల ముందూ, వేసిన తరువాత రెండు రోజులూ స్నానం చేయించకండి, చేయిస్తే మందు చర్మం మీద పరుచుకోక వృథా అవుతుంది. మీ టీకా కార్డు చూపమని గ్రూమర్ అడగడం మీకు విసుగనిపించవచ్చు. కానీ మిమ్మల్ని అడిగారంటే, మీకన్నా ముందు వచ్చిన కుక్క యజమానినీ అడిగి ఉంటారు.

మూడవ అడుగు: పేర్లు సేకరించడం, ఫోన్ చేయడం

బంజారాహిల్స్, కొండాపూర్, గచ్చిబౌలి, సైనిక్‌పురి, కూకట్‌పల్లి, ఏ ప్రాంతంలోనైనా ఇప్పుడు గ్రూమింగ్ దుకాణాలకు కొదవ లేదు. ముందుగా మీ పశువైద్యుణ్ని అడగండి. ప్రశ్న మాత్రం 'ఎవరు బాగా చేస్తారు' అని కాకుండా, 'ఎవరి దగ్గరికి వెళ్లిన కుక్కలు గాయాలతో, చెవి పోటుతో మీ దగ్గరికి రావడం లేదు' అన్నట్టుగా ఉండాలి. తరువాత ఉదయం నడకలో కనిపించే, మీ జాతి కుక్కనే పెంచేవారిని అడగండి. ఆన్‌లైన్‌లో నక్షత్రాల లెక్క కన్నా తక్కువ మార్కులిచ్చిన వారి మాటలనూ, వాటికి దుకాణం వారు ఇచ్చిన జవాబునూ చదవండి. తప్పు జరిగినప్పుడు ఏం చేశామో చెప్పే జవాబు వేరు, కస్టమర్ మీద విరుచుకుపడే జవాబు వేరు.

ఆ తరువాత ఫోన్ చేయండి. ధర చెప్పి వెంటనే టైము ఇచ్చేస్తే ఆలోచించాల్సిందే. జాతి, వయసు, బరువు, బొచ్చు ఉండలు కట్టిందా, చివరిసారి ఎప్పుడు చేయించారు, జబ్బులేమైనా ఉన్నాయా అని అడిగేవారు పని తెలిసినవారు. మీరు మాత్రం రెండు ప్రశ్నలు తప్పక అడగండి. ఎలా ఆరబెడతారు? కదలకుండా ఉండకపోతే ఏం చేస్తారు? నా అనుభవంలో తీవ్రమైన ప్రమాదాలన్నీ ఈ రెండు చోట్లనే పుడతాయి.

నాలుగవ అడుగు: జంతువును తీసుకెళ్లకుండా ముందు మీరొక్కరే వెళ్లి చూడండి

ఈ అడుగును దాటవేయవద్దు. పని జరుగుతున్న గదిని చూడనివ్వకపోతే అక్కడితో ఆ దుకాణం సంగతి ముగిసినట్టే. అపరిచితులు లోపలికి వస్తే కుక్కలు కంగారు పడతాయన్న మాట నిజమే, అందుకే అద్దం గోడో, కెమెరా తెరో ఉండాలి. పని జరిగే ఒక అరగంట నిలబడి గమనించండి.

అన్నిటికన్నా ముందు ఆరబెట్టే పద్ధతిని చూడాలి. కుక్కలకు మనలాగా ఒంటినిండా చెమట పట్టదు, అవి ప్రధానంగా రొప్పడం ద్వారానే ఒంటి వేడిని బయటికి పంపుకుంటాయి. తడి బొచ్చుతో, తేమ నిండిన మూసిన పెట్టెలో, వేడి గాలి మధ్య ఆ రొప్పడం పనిచేయదు. మామూలుగా 101 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ ఉండే శరీర ఉష్ణోగ్రత 104 దాటిందంటే ప్రమాదం మొదలైనట్టు. పగ్, బుల్‌డాగ్, షిట్జూ, పర్షియన్ పిల్లి వంటి చప్పిడి ముక్కు జాతులకు శ్వాసమార్గం ఇరుకు కనుక వాటికి ఆ స్థితి ఇంకా త్వరగా వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో బయట 40 డిగ్రీల సెల్సియస్ ఉండే మన నగరంలో ఈ విషయంలో రాజీ పడడానికి వీల్లేదు. మనిషి చేతిలో పట్టుకుని, సాధారణ గాలితో లేదా గోరువెచ్చని గాలితో ఆరబెట్టే డ్రయ్యర్ ఉండాలి. బోనులోనో పెట్టెలోనో ఆరబెడతామంటే వేడి గాలి లేకుండా నడుస్తుందా, టైమర్ ఉందా, పక్కన మనిషి ఉంటారా అని అడగండి. నేను మాత్రం పెట్టె ఉన్న చోట, అది ఎంత ఖరీదైనదైనా, మా కుక్కను ఇక వదలను.

తరువాత బల్ల. మెడకు వేసే తాడు ఉన్న బల్ల మీద కుక్కను వదిలి, ఫోన్ ఎత్తడానికి నాలుగు అడుగులు వేసినా ఆ కుక్క దూకి ఉరి పడే ప్రమాదం ఉంది. చేయి అందేంత దూరంలో మనిషి ఎప్పుడూ ఉంటున్నారా, మెడకే కాకుండా పొట్ట కింద కూడా పట్టీ ఉందా, తాడు అత్యవసరంలో ఒక్క లాగుతో ఊడి వస్తుందా, బల్ల మీద జారని రబ్బరు పట్టా ఉందా, ఇవన్నీ కంటితో చూడగలిగేవే. మూతికట్టు వేయడం తప్పు కాదు, కానీ అది కుక్క నోరు కొద్దిగా తెరిచి రొప్పగలిగేలా బుట్ట ఆకారంలో ఉండాలి. నోరు బిగించే గుడ్డ పట్టీని కొన్ని నిమిషాలకు మించి ఉంచకూడదు, ఆరబెట్టే సమయంలో అసలే ఉంచకూడదు.

నీళ్ల సంగతి హైదరాబాద్ వారికి ప్రత్యేకంగా చెప్పాలి. ఎండాకాలం మధ్యాహ్నం డాబా మీది ట్యాంకు నుంచి వచ్చే నీరు చేతికే చురుక్కుమంటుంది. గ్రూమర్ ముందుగా తన ముంజేతి మీద పోసుకుని చూస్తున్నారా గమనించండి. చాలా ప్రాంతాల్లో బోరు నీరో ట్యాంకర్ నీరో వాడతారు. లవణాలు ఎక్కువగా ఉండే ఆ గట్టి నీటిలో షాంపూ త్వరగా వదలదు, మిగిలిన షాంపూ ఎండి దురద పుట్టిస్తుంది. నీటి ఎద్దడి రోజుల్లో కడగడం కుదించే దుకాణాన్ని మీరు వాసన చూసి, వేళ్లతో తడిమి పట్టేయవచ్చు.

పరికరాల శుభ్రత కూడా అడగవలసినదే. ఒక కుక్కకూ మరో కుక్కకూ మధ్య బ్లేడ్లనూ దువ్వెనలనూ క్రిమిరహితం చేయకపోతే తామర సోకుతుంది, అది పిల్లుల నుంచీ కుక్కల నుంచీ ఇంట్లోని చిన్నపిల్లలకూ అంటుకుంటుంది. దీనికన్నా తక్కువ మందికి తెలిసిన ప్రమాదం షాంపూ సీసాలో ఉంది. నీళ్లు కలిపిన షాంపూను రోజుల తరబడి నిల్వ ఉంచితే అందులో బాక్టీరియా పెరుగుతుంది. దానితో రుద్దిన ఒకటి రెండు రోజుల్లో వీపు మీద తీవ్రమైన నొప్పి, జ్వరం, చీము పొక్కులు రావచ్చు. ఏ రోజు షాంపూ ఆ రోజే కలుపుతున్నారా అని మామూలుగా అడగండి. పని తెలిసినవారు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.

ఐదవ అడుగు: మనిషిని అంచనా వేయడం

శిక్షణ ఎక్కడ తీసుకున్నారు, ఎవరి చేతి కింద ఎంతకాలం పనిచేశారు, మీ జాతి కుక్కలను వారానికి ఎన్నింటిని చేస్తారు అని అడగవచ్చు. గోడ మీది సర్టిఫికెట్ కొంత చెబుతుంది. ఆ సర్టిఫికెట్ ఉన్నవారే మీ కుక్కను పట్టుకుంటారా, లేక పనిలో చేరి నెలైనా కాని కుర్రవాడు పట్టుకుంటాడా అన్నది ఇంకా ఎక్కువ చెబుతుంది.

నేర్పును పట్టించే గుర్తులు కొన్ని ఉన్నాయి. ఉండలు కట్టిన బొచ్చును స్నానానికి ముందే విడదీయాలి లేదా కత్తిరించాలి, నీరు తగిలితే ఆ ఉండలు ఇంకా బిగుసుకుంటాయి. వాటిని ముందుగా తడిపేవారికి పని రానట్టే. ఉండలు చర్మాన్ని పట్టుకుని ఉంటే దువ్వెనతో లాగి బాధపెట్టకుండా, పొట్టిగా కత్తిరించక తప్పదని చెప్పేవారు నిజాయితీపరులు, ఆ పొట్టి కత్తిరింపుకు బాధపడవలసిన పని లేదు. మిషన్ బ్లేడు కొద్ది నిమిషాలకే వేడెక్కుతుంది కనుక మధ్య మధ్య ఆపి, తమ చర్మానికి తాకించి చూసి, వేడిగా ఉంటే మార్చుకోవాలి. పొట్ట మీదా తొడల సందుల్లోనూ కనిపించే ఎర్రటి మంటలు చాలాసార్లు ఈ వేడి బ్లేడు వల్ల వచ్చేవే. గోళ్లు తీసేటప్పుడు లోపలి నెత్తురు నాళం తెగడం మంచివారి చేతిలోనూ అప్పుడప్పుడు జరుగుతుంది, ముఖ్యంగా నల్ల గోళ్లలో. పక్కన రక్తం ఆపే పొడి సిద్ధంగా ఉండడం, జరిగిందని మీకు చెప్పడం ముఖ్యం.

మత్తు మందు విషయంలో రెండో ఆలోచన వద్దు. అల్లరి చేసే కుక్కకూ పిల్లికీ 'కొంచెం మందు వేసి' పని ముగిస్తామనే గ్రూమర్ దగ్గర ఒక్క నిమిషం కూడా ఉండకండి. గుండె, కాలేయం, బరువు చూడకుండా ఇచ్చే మత్తు ప్రాణాంతకం కాగలదు. 1984 నాటి పశువైద్య మండలి చట్టం ప్రకారం జంతువులకు వైద్యం చేయడానికి అర్హత నమోదిత పశువైద్యులకే ఉంది. మత్తు తప్పనిసరి అయితే ఆ పని పశువైద్యశాలలో, వైద్యుడి సమక్షంలో జరగాలి. మలద్వార గ్రంథులను, అంటే మలద్వారం పక్కన వాసన ద్రవం నిండే చిన్న సంచులను, ప్రతిసారీ పిండడం కూడా ప్యాకేజీలో చేర్చేస్తుంటారు, లక్షణాలు లేని కుక్కకు దాని అవసరం లేదు, వద్దని చెప్పండి.

పిల్లుల యజమానులకు

కుక్కల అరుపుల మధ్య పిల్లిని ఉంచడం దాన్ని భయంతో చంపినంత పని. వేరే గదో, పిల్లులకే కేటాయించిన సమయమో ఉందా అని అడగండి. ఇంకొక విషయం ప్రాణం మీదికి తెచ్చేది: కుక్కల పిడుదుల షాంపూల్లోనూ స్ప్రేల్లోనూ వాడే పర్మెత్రిన్ అనే పురుగుమందు పిల్లులకు విషం. టీ ట్రీ నూనె కూడా అంతే. ఏ సీసా వాడుతున్నారో చూపించమనండి, లేదా పిల్లులకు పనికొచ్చే షాంపూను మీరే తీసుకెళ్లండి.

ఇంటికి వచ్చేవారు, వ్యాన్ తెచ్చేవారు

ముసలి కుక్కలకూ కారులో వణికే కుక్కలకూ ఇంటి సేవ మేలు, మీ కళ్ల ముందే జరుగుతుంది కూడా. అయితే యాప్‌లో బుక్ చేసినప్పుడు వచ్చే మనిషి ప్రతిసారీ మారుతుంటాడు కనుక, మొదటిసారి నచ్చిన వ్యక్తినే మళ్లీ పంపమని అడగండి. వారు ఇంతకుముందు వెళ్లిన ఇంటి నుంచి తెచ్చిన తువ్వాలు వాడనివ్వకండి, మీదే ఇవ్వండి. వ్యాన్ అయితే ఏసీ పనిచేస్తోందా, జనరేటర్ పొగ లోపలికి రాకుండా ఉందా అని చూడండి, వ్యాన్ తలుపు దగ్గర నిలబడే ఉండండి.

ఆరవ అడుగు: మొదటి రోజు చిన్న పనితో మొదలుపెట్టండి

మొదటిసారే పూర్తి కత్తిరింపు వద్దు. స్నానం, దువ్వడం, గోళ్లు, అంతే. ఎండాకాలంలో ఉదయం తొలి సమయం అడగండి. దీపావళికి ముందు వారంలోనూ, పెళ్లిళ్ల కాలంలోనూ ఒక్కో గ్రూమర్ చేతిలో రోజుకు మామూలుకన్నా ఎక్కువ కుక్కలుంటాయి, ఆ తొందరలో కొత్త చోట మొదలుపెట్టవద్దు. వెళ్లే ముందు తేలికగా తినిపించి, మూత్రానికి తిప్పి తీసుకెళ్లండి.

ఏమేం చేయాలో, ఏమేం చేయకూడదో రాతలో ఇవ్వండి. పొడవు ఎంత ఉండాలో అంగుళాల్లో చెప్పండి. బ్లేడు నంబరు తెలిస్తే మరీ మంచిది: నంబరు పెరిగేకొద్దీ జుట్టు పొట్టిదవుతుంది, 10 నంబరు బ్లేడు సుమారు 1.5 మిల్లీమీటర్లే మిగులుస్తుంది. సంతకం పెట్టమని ఏ కాగితమిచ్చినా పూర్తిగా చదవండి. అత్యవసరంలో ఏ వైద్యుడి దగ్గరికి తీసుకెళ్తారో, ముందుగా మీకు ఫోన్ చేస్తారా లేదా అన్నది అందులో ఉండాలి. ఎంతటి ప్రమాదానికైనా బాధ్యత లేదని రాసి ఉంటే ఆ వాక్యం ఎందుకని అడగండి.

ఏడవ అడుగు: తిరిగి తీసుకునేటప్పుడు

జుట్టు బాగుందా అన్నది చివర చూడవచ్చు. ముందు నడక చూడండి, రొప్పు చూడండి, పై పెదవి ఎత్తి చిగుళ్లు గులాబీ రంగులో ఉన్నాయా చూడండి. తరువాత చంకలు, పొట్ట, తొడల సందులు, చెవుల అంచులు, కాలివేళ్ల మధ్య తడిమి చూడండి. ఉండలు కట్టిన చెవులను కత్తిరించిన తరువాత కుక్క అదే పనిగా తల విదిలిస్తే చెవిలో రక్తం గూడు కట్టి వాపు రావచ్చు, అలా ఉబ్బితే వైద్యుడికి చూపించాలి. మరో రెండు రోజులు చెవి వాసన, వీపు నొప్పి, దురద గమనించండి. మరుసటిసారి అదే గుమ్మం చూడగానే కుక్క కాళ్లు తన్ని పట్టి వెనక్కి లాగితే, కొంత భయం సహజమే అయినా, ప్రతిసారీ పెరుగుతోందంటే నేను దుకాణం మార్చేస్తాను.

జరగరానిది జరిగితే

వడదెబ్బ లక్షణాలు కనిపిస్తే ముందు చల్లబరచడం, తరువాత బయలుదేరడం. చల్లటి నీరు ఒళ్లంతా పోస్తూ, ఫ్యాను గాలి తగలనివ్వండి. ట్యాంకు నీరు వేడిగా ఉంటుంది కనుక తాగే నీళ్ల క్యాన్ వాడండి. తడి తువ్వాలు కప్పి ఉంచేయవద్దు, అది వేడిని లోపలే పట్టి ఉంచుతుంది. కారులో ఏసీ వేసుకుని ఆసుపత్రికి వెళ్లండి. కోలుకున్నట్టు కనిపించినా చూపించాల్సిందే, లోపలి అవయవాల దెబ్బ గంటల తరువాత బయటపడవచ్చు. నారాయణగూడలోని ప్రభుత్వ సూపర్ స్పెషాలిటీ పశువైద్యశాల, రాజేంద్రనగర్‌లోని పశువైద్య కళాశాల ఆసుపత్రి నగరంలో అందరికీ అందుబాటులో ఉన్నవి. మీ ఇంటికి దగ్గరలో రాత్రివేళ తెరిచి ఉండే ఆసుపత్రి ఏదో ముందే తెలుసుకుని నంబరు ఫోన్‌లో పెట్టుకోండి.

గాయం నిర్లక్ష్యం వల్ల జరిగిందని వైద్యుడి పరీక్షలో తేలితే, ఆయన చేత రాతపూర్వకంగా నివేదిక తీసుకోండి, ఫోటోలు తీయండి, దుకాణం కెమెరా దృశ్యాలు తుడిచివేయవద్దని సందేశం రూపంలో అడగండి. డబ్బు చెల్లించి పొందిన సేవలో లోపం కనుక 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం వర్తిస్తుంది. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేయవచ్చు, జిల్లా వినియోగదారుల కమిషన్‌లో రెండేళ్ల లోపు ఫిర్యాదు చేయవచ్చు. కొట్టడం, హింసించడం జరిగితే 1960 నాటి జంతువుల పట్ల క్రూరత్వ నివారణ చట్టంలోని 11వ సెక్షన్ కింద పోలీసులకు ఫిర్యాదు చేయాలి.

ఆ మే నెలలో నా దగ్గర బిల్లు లేదు, వదిలినప్పుడు కుక్క ఎలా ఉందో చూపే ఫోటో లేదు, దుకాణం వారు మొదటి నుంచీ దానికి ఆయాసం ఉందన్నప్పుడు నేను చూపించగలిగినదేమీ లేకపోయింది. ఇప్పుడు మేము వెళ్లే చోట, ఉదయం తొమ్మిదింటికి, లోపలికి ఇచ్చే ముందు గుమ్మం దగ్గర దానిని నాలుగు అడుగులు నడిపించి వీడియో తీస్తాను. గ్రూమర్ అమ్మాయి మొదటిసారి అది చూసి, తన ఫోన్ కూడా తీసి, దాని చెవులనూ పొట్టనూ తను కూడా వీడియో తీసుకుంది. ఆ తరువాత మేము ఇంకొక దుకాణం వెతకలేదు.